గొంతు తగ్గిన సినిమాలు

2023 ఎండాకాలంలో యానాంలో సొంతంగా క్లినిక్ పెట్టుకున్నాను. అంతకుముందు చాలా ఏళ్లు కాకినాడలో ఒక ఆసుపత్రిలో పనిచేశాను. నా వృత్తిని ఆడియాలజిస్ట్ అంటారు. మందులు రాసే చెవి డాక్టర్ని కాను. చెవి ఎంత వింటోందో కొలవడం, అవసరమైతే హియరింగ్ ఎయిడ్ అంటే వినికిడి యంత్రం అమర్చడం, మనిషి దానికి అలవాటుపడేదాకా వెంట ఉండడం నా పని. గోదారి గట్టుకి వెళ్లే వీధిలో కింద మందుల షాపు, పైన నా రెండు గదులు.

నా దగ్గరికొచ్చేవాళ్లు చెవి గురించి తక్కువ, లోకం గురించి ఎక్కువ చెబుతారు. సెల్ టవర్ల వల్లే తన చెవి పోయిందని దరియాలతిప్ప నుంచి వచ్చిన ఒక పెద్దాయన గట్టిగా నమ్మేవారు. ఇంకొకాయన విదేశాల్లో మెదడులో చిప్పు పెడుతున్నారట, అది వచ్చేదాకా ఆగుతానని వెళ్లిపోయారు. వాదించకుండా వినడం కూడా ఈ పనిలో భాగమే. అయినా మంగతాయారు గారి అభిప్రాయాల్లాంటివి నేను ముందూ వినలేదు, తర్వాతా వినలేదు.

ఆవిడది యానాంలోనే, ఫరంపేటలో టిఫిన్ బండి. ఓ మధ్యాహ్నం భర్త సూర్యనారాయణ గారి చెయ్యి పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. ఆయన టైలరు. సన్నగా, నెమ్మదిగా ఉంటారు. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, "మేడమ్ గారండీ, ఈయన్ని చూడండి. గొంతు పోయిందండి ఈయనకి," అన్నారు ఆవిడ.

"గొంతు డాక్టరు వేరేనమ్మా. ఇక్కడ చెవులు చూస్తాం."

"చెవీ గొంతూ ఒక్కరే చూస్తారంట కదండీ. ఓ మాట చూడండి. ఏం మాటాడినా నోట్లోనే ఉండిపోద్ది. నాలుగుసార్లు అడగాలి."

ఆయన మొహమాటంగా నవ్వి నమస్కారం పెట్టి, "బాగానే ఉందండి," అన్నారు. మాట నాకు స్పష్టంగా వినపడింది. కానీ గొంతు బాగా బొంగురుగా ఉంది.

"చూసేరా, ఏమన్నారో ఆయనకే తెలీదు," అన్నారావిడ. "ఈయనొక్కరే కాదండీ, సినిమావోళ్లూ అంతే అయిపోయేరు. ఇదివరకు హీరో డైలాగు చెప్తే హాలు బయట సోడా బండికి వినపడేది. ఇప్పుడు ఒక్కడూ నోరు తెరిచి మాటాడ్డు. గ్రాఫిక్సులు పెరిగేయి, గొంతులు తగ్గిపోయేయి. మాటలు రాసేవోళ్లు లేరో, చెప్పేవోళ్లు లేరో తెలీట్లేదండి."

"ఇంట్లో ఇంకెవరి గొంతైనా తగ్గిందా అమ్మా?"

ఆవిడ ఆలోచించి, "మా మనవరాలిదండి. అసలేం అర్థం కాదు. ఇంగ్లీషు మీడియం కదా," అన్నారు.

నాకు చాలావరకు అర్థమైంది. ఇలా తగ్గే చెవికి మొదట్లో చప్పుడు వినపడుతుంది, మాటే తెలియదు. ఎదుటివాళ్లు గొణుగుతున్నట్టే ఉంటుంది. పిల్లల సన్నటి గొంతులు మరీ కష్టం. ఇద్దరికీ పరీక్ష చేస్తానన్నాను. ఆయన కోసమనుకుని ఆవిడ కూడా ఒప్పుకున్నారు.

బయటి చప్పుడు రాకుండా కట్టిన చిన్న గదిలో హెడ్‌ఫోన్ పెట్టి, చిన్న చిన్న కూతలు వినిపించి, వినపడ్డప్పుడల్లా బటన్ నొక్కమంటాం. వచ్చిన గీతని ఆడియోగ్రామ్ అంటారు. ఎడమవైపు లావుపాటి శబ్దాలు, కుడివైపు సన్నటివి. గీత ఎంత కిందికి దిగితే వినికిడి అంత తగ్గినట్టు. సూర్యనారాయణ గారి గీత ఆయన వయసుకి తగ్గట్టే ఉంది. ఆవిడది ఎడమవైపు బాగానే మొదలై, కుడివైపుకి వచ్చేసరికి గట్టు మీంచి రేవులోకి దిగినట్టు దిగిపోయింది. రెండు చెవులూ అంతే.

"అమ్మా, మీకు అ, ఆ, ఓ లాంటివి బాగా వినపడతాయి. స, త, క లాంటి తేలికపాటి శబ్దాలు అందట్లేదు. మాటని మాటగా విడదీసేవి అవే. అందుకే అందరూ గొణుగుతున్నట్టుంది," అని చెప్పాను.

ఆవిడ ముఖం ఎర్రబడింది. "అయితే నన్ను చెవిటిదాన్నంటారు."

"తగ్గిందంటున్నాను."

"పాటలు వినపడతాయి నాకు. ఆటో చప్పుడు వినపడుద్ది. వీధి చివర బస్సు ఆగితే వినపడుద్ది. ఈయన్ని చూపిద్దామని తీసుకొత్తే నాకు వంక పెడతారేటండీ!"

వెళ్లిపోయే ముందు ఆయన్ని ఆపి, గట్టిగా మాట్లాడే అలవాటుందా అని అడిగాను. ఆయన మెట్ల దగ్గర నిలబడ్డ భార్యవైపు చూసి, "లేదండి," అన్నారు. గొంతు మాత్రం కాకినాడలో డాక్టరుకి చూపించుకోమని చెప్పి పంపాను. ఆవిడ అన్నదాంట్లో సగం నిజమే. ఆయన గొంతు పాడైంది. ఎందుకో ఆయన చెప్పలేదు.

*

వానలు పడుతుండగా ఆయన ఒక్కరే వచ్చారు. గొంతులో మాట పుట్టేచోట వాచిందని, అరవడం మానమని డాక్టరు చెప్పారట. "మానేస్తే ఆవిడతో మాటాడేదెలాగండీ?" అన్నారు.

అప్పుడు విషయం బయటపడింది. ఫరంపేటలో ఆవిడకి సినిమాల మీద పెద్ద పేరు. కొత్త సినిమా వస్తే మొదటిరోజే ఇద్దరూ చూడాలి. మర్నాడు బండి దగ్గర ఇడ్లీ పెడుతూ ఆవిడ చెప్పిన మాట విని, వెళ్లాలో మానాలో తేల్చుకునేవాళ్లు ఎంతోమంది. అలాంటి మనిషి ఈమధ్య హాల్లో మాటమాటకీ "ఏమన్నాడు?" అని అడగడం మొదలుపెట్టారు. ఆయన చెవిలో చెప్పేవారు. చెవిలో చెబితే చాలక గట్టిగా చెప్పేవారు.

"మొన్నొక సినిమాలో తల్లి చచ్చిపోతా కొడుక్కేదో చెప్తోందండి. హాలంతా నిశ్శబ్దం. మా యావిడ 'ఏమందండీ?' అని గట్టిగా అడిగేసింది. అందరూ నవ్వేరు. వెనకనించి ఎవడో, 'ముసలమ్మని ఇంటికి తీసుకుపోండ్రా' అన్నాడు. ఆ మాట మాత్రం దానికి వినపడిందండి."

ఆవిడ లేచి బయటికి వచ్చేశారట. ఆ తర్వాత హాలు గడప తొక్కలేదు. బండి దగ్గర ఎవరైనా సినిమా సంగతి అడిగితే "చూళ్లేదు" అంటున్నారు. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి పట్టుకుంది. చెవి తగ్గినవాళ్లకి మతిమరుపు వచ్చే అవకాశం ఎక్కువని టీవీలో ఎవరో చెప్పారు.

"ఒకళ్లు అడిగింది ఇంకొకళ్లకి ఇచ్చేత్తోందండి. నా మతి పోతోందని ఏడుత్తోంది. పిల్లలకి చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది."

మర్నాడు పొద్దున్నే ఫరంపేట వెళ్లాను. బండి చుట్టూ జనం. నన్ను చూసి ఆవిడ పెసరట్టు వేసి ఇచ్చారు. పక్కకి నిలబడి తింటూ గమనించాను. ఒకతను "నాలుగు కట్టండి" అంటే ప్లేటులో పెట్టి ఇచ్చారు. అతను విసుక్కుంటే ఆవిడ ప్లేటు వెనక్కి తీసుకుని పొట్లం కట్టారు. పక్కన గ్రైండరు తిరుగుతోంది, స్టీలు ప్లేట్లు మోగుతున్నాయి. ఆ గోలలో కట్టండికీ పెట్టండికీ తేడా పట్టడం ఆ చెవులకి సాధ్యం కాదు.

జనం తగ్గాక స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాను, నా మొహం ఆవిడకి కనిపించేలా.

"మేడమ్ గారూ, బుర్ర పోద్దంట కదండీ," అన్నారు ఆవిడే. "టీవీలో చెప్పేరు."

"రెండిటికీ సంబంధం కనిపిస్తోందన్నారమ్మా. చెవి తగ్గిన ప్రతివాళ్లకీ మతి పోతుందని కాదు. మీ మతి సంగతి తేల్చడానికి వేరే డాక్టర్లున్నారు, కావాలంటే పంపిస్తాను. ముందు నాకొక సంగతి చెప్పండి. మీకు పెళ్లయిన కొత్తలో చూసిన సినిమా ఏదైనా గుర్తుందా?"

గుర్తుండడమేమిటి, కథంతా చెప్పారు. హీరోయిను ఏ సీన్లో ఏ రంగు చీర కట్టిందో, ఎక్కడ కరెంటు పోయిందో, ఆయన సోడా కోసం వెళ్లి పాట మిస్సయితే తను హాల్లోనే ఎలా కోప్పడిందో అన్నీ చెప్పారు. ఖాళీ ప్లేట్లు పట్టుకుని ఇద్దరు ముగ్గురు అక్కడే ఆగిపోయారు.

"నిన్న బండికి ఎవరెవరొచ్చారు?" అన్నాను. అదీ చెప్పారు, ఎవరేం తిన్నారో కూడా.

"ఇందాక అతను కట్టమన్నది మీరు మర్చిపోలేదమ్మా. అది మీ చెవిదాకా రాలేదు. రానిదాన్ని బుర్ర ఎలా గుర్తుపెట్టుకుంటుంది?"

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, పెనం కింద మంట ఆపారు. తర్వాత, "సాయంత్రం వత్తానండి," అన్నారు.

*

యంత్రం చూపించగానే ఇంకో పేచీ. ఇది కొత్తరకం, ఇందులో ఏఐ అంటే కృత్రిమ మేధ ఉందని పెట్టె మీద రాసి ఉంది. ఆవిడ అక్షరాలు కూడబలుక్కుని చదివారు.

"ఇది వద్దండి. ఓ సినిమాలో చూసేను. విలను ఇలాంటిదే చెవిలో పెట్టి హీరో చేత చెయ్యకూడనివన్నీ చేయిస్తాడు. మా ఇంట్లో మాటలన్నీ ఎక్కడికో పంపిస్తే?"

నవ్వడానికి లేదు. ఫోన్లో ఒక వస్తువు గురించి మాట్లాడుకోగానే దాని ప్రకటన కనిపిస్తోందని చదువుకున్నవాళ్లే నాతో అంటుంటారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "ఇది మాట ఏదో, గ్రైండరు చప్పుడు ఏదో వేరుచేసి మాటని పెంచుతుంది. ఒక్కోసారి పొరబడుతుంది కూడా. ఫోనుకి కలిపే యాప్ ఒకటుంది. అది మీకు అక్కర్లేదు, నేను కలపను. కొన్నాళ్లు ట్రయల్ వాడండి. నచ్చకపోతే తిరిగి ఇచ్చేయండి."

రెండు చెవులకీ పెట్టి ఆన్ చేశాను. ఆవిడ ఉలిక్కిపడి ఫ్యాన్ వైపు చూశారు. తర్వాత తన గాజుల వైపు. "నా గొంతేంటండీ, బావిలోంచి వచ్చినట్టుంది!" అన్నారు. పక్కనున్న సూర్యనారాయణ గారు అలవాటు ప్రకారం గట్టిగా ఊపిరి పీల్చుకుని, "ఎలా ఉందే?" అన్నారు.

ఆవిడ రెండు చేతులతో చెవులు మూసుకున్నారు. "అదేటండీ, అలా అరుత్తారు?"

ఆవిడ ఆయన్ని చూశారు, నన్ను చూశారు. "ఇన్నాళ్లూ ఇలాగే అరిచేరా?" అని మెల్లిగా అడిగారు. ఆవిడ ఆయన మెడ మీద చెయ్యి పెట్టి, కాసేపు తీయలేదు.

అంతటితో అంతా సర్దుకుందనుకుంటే పొరపాటు. వారం తిరక్కుండా ఆవిడ యంత్రాల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టారు. "ప్లేట్లు గుండెల్లో మోగుతున్నాయండి. నూనె చిటపటమంటే బండి పేలిపోద్దేమో అనిపిత్తోంది. తీసేసుకోండి." ఏళ్ల తరబడి సన్నటి శబ్దాలు వినని మెదడు, అవన్నీ ఒక్కసారి వస్తే భరించలేదు. అన్నీ కొంచెం తగ్గించి, బండి దగ్గరకి ఒక ప్రోగ్రామ్, ఇంటికి ఒక ప్రోగ్రామ్ పెట్టాను. ప్రోగ్రామ్ అంటే ఆయా చోటుకి తగ్గట్టు ముందే చేసిపెట్టిన అమరిక. బటన్ నొక్కితే మారుతుంది. మొదట ఇంట్లో, మనవరాలితో మాట్లాడేటప్పుడు మాత్రమే పెట్టుకోమన్నాను. మళ్లీ వచ్చారు, మళ్లీ సరిచేశాను. దసరా దాటేసరికి పొద్దున్న పెట్టుకున్నవి రాత్రి పడుకునేటప్పుడే తీస్తున్నారు. మనవరాలు మాట్లాడేది తెలుగేనని కూడా తేలింది.

ఒక్క హాలుకి మాత్రం రానన్నారు. "మళ్లీ నవ్వితే నేను బతకనండి," అన్నారట భర్తతో. చివరికి పక్కన నేను కూర్చుంటే వస్తానని నాకు కబురు పెట్టారు. మధ్యలో తను, అటు ఆయన, ఇటు నేను. మ్యాట్నీ. టైటిల్స్ పడుతుంటే నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. పాటల్లోనూ ఫైట్లలోనూ శబ్దం ఎక్కువై రెండుసార్లు యంత్రం తగ్గించుకున్నారు. మిగతా సేపంతా తెర వైపే చూశారు, ఆయన వైపు తిరగలేదు. ఇంటర్వెల్ తర్వాత ఒకచోట హీరో చీకట్లో నిలబడి ఏదో అన్నాడు. ఆవిడ బిగుసుకుపోయి, నా చెవి దగ్గరకి వంగి, "ఏమన్నాడండీ?" అన్నారు.

"నాకూ వినపడలేదమ్మా," అన్నాను. అది నిజం.

ఆవిడ అవతలికి వంగి భర్తని అడిగారు. ఆయనా తల అడ్డంగా ఊపారు. ఆవిడ వెనక్కి ఆనుకుని కూర్చుని, నా మోచెయ్యి వదిలేశారు.

బయటికొచ్చాక ఎలా ఉందని అడిగాను.

"అన్నీ వినపడ్డాయండి. వినపడ్డాకే తెలిసింది, సెకండాఫ్ శుద్ధ దండగ," అన్నారు. మర్నాడు ఫరంపేటలో ఆ సినిమాకి ఆవిడ చేసిన మర్యాద ఇక్కడ రాయను.

ఈ కేసు నా పద్ధతిని మార్చింది. మాకు చదువులో గీతలు చదవడం నేర్పుతారు, ఎంత తగ్గిందో అంకెల్లో చెప్పడం నేర్పుతారు. మంగతాయారు గారిని చూశాక అంకెలకంటే ముందు ఇంకొకటి అడగడం అలవాటు చేసుకున్నాను. చాలామంది వినపడట్లేదని చెప్పరు. మానేశామని చెబుతారు. సినిమాలు మానేశాం, ఫోన్లో మాట్లాడడం మానేశాం, పెళ్లిళ్లకి వెళ్లడం మానేశాం, గుడికో చర్చికో వెళ్లినా చివర్లో కూర్చుని వచ్చేస్తున్నాం అంటారు. కారణం మాత్రం కాలం మీదో, మనుషుల మీదో పెడతారు. నేను కాదనను. ఏం మానేశారో, ఎప్పుడు మానేశారో అడిగి తెలుసుకుంటాను. యంత్రం పెట్టిన రోజుతో కాదు, మానేసినవాటిలో ఒక్కటైనా వాళ్లు మళ్లీ మొదలుపెట్టిన రోజుతో ఆ మనిషి దగ్గర నా పని పూర్తయిందనుకుంటాను.