ఫోన్లో ఒప్పుకున్న ఆపరేషన్

అక్టోబరు మొదటి వారం, ఉదయం పదకొండు గంటలకు పోస్టుకు చేరాం. కింది క్యాంపు నుంచి ఆరు గంటల నడక. ఎత్తు పద్నాలుగు వేల అడుగుల పైన. ఒక రాతిగట్టు, మూడు బంకర్లు, ఒక యాంటెనా. చెట్టన్నది లేదు. నా వీపు మీద రేడియో సెట్టు, రెండు బ్యాటరీలు, స్లీపింగ్ బ్యాగు. భుజాన రైఫిలు. ఆ సరిహద్దు పేరు రాయను. మీకు దాంతో పని కూడా లేదు.

నేను రేడియో ఆపరేటర్ని. కింది నుంచి వచ్చిన సందేశం విని, రాసుకొని, మాటకు మాట తిరిగి చదివి వినిపించాలి. అవతలివాడు సరిగ్గా ఉందన్నాకే అది అందినట్టు లెక్క. అర్థమైందిలే అని వదిలేస్తే మా పోస్టు సుబేదారు సాబ్ ఊరుకోడు. ‘నీకు అర్థమైంది ఎవడిక్కావాలి, వాడేం చెప్పాడో చదువు’ అనేవాడు. పదహారేళ్ల నౌకరీలో ఆ పద్ధతి నేనెన్నడూ తప్పలేదు. డ్యూటీలో మాత్రం తప్పలేదు.

పొద్దున ఐదున్నరకు మొదటి కాల్. తర్వాత రెండు గంటలకొకటి. డిసెంబరులో చలి సున్నాకు పాతిక డిగ్రీలు కిందికి దిగింది. బ్యాటరీలను స్లీపింగ్ బ్యాగులో పక్కన పెట్టుకొని పడుకునేవాళ్లం, లేకుంటే తెల్లారేసరికి చచ్చేవి. ఏప్రిల్లో ఆ డ్యూటీ ముగుస్తుంది, ఆ వెంటనే నా నౌకరీ కూడా ముగుస్తుంది. ఇంటికి పోయాక రెండో బిడ్డను కనాలని నేనూ నా భార్య స్వరూపా అనుకున్నాం. పాపకు అప్పటికి ఎనిమిదేళ్లు. తమ్ముణ్ని తెమ్మని రోజూ తల్లి ప్రాణం తీసేది. ఈ ముచ్చట నేనే నోరు జారి బంకరులో చెప్పాను. ఇక వంటవాడు రోజూ నా పళ్లెంలో ఒక రొట్టె ఎక్కువ వేసి నవ్వేవాడు.

స్వరూప నెల్లికుదురు దగ్గర మా ఊళ్లోనే ఉండేది. కింది పొట్టలో నొప్పి అని పోయిన వానాకాలం నుంచి చెప్తోంది. నాట్లేసి వస్తే ఎక్కువవుతుందని అనేది. వెంకన్నకు చూపించుకొమ్మన్నాను. వెంకన్న ఊరి ఆర్‌ఎంపీ, నాకంటే రెండేళ్లు పెద్ద. ఇద్దరం ఒకే చెరువులో ఈత నేర్చుకున్నాం. నేను ఫౌజులో ఉన్నన్ని రోజులూ నా ఇంట్లో జ్వరమొచ్చినా, పాపకు దెబ్బ తగిలినా పరుగెత్తింది అతనే. నా సొంత అన్న కంటే ఎక్కువ నమ్మాను.

పోస్టు మీద మొబైల్ పనిచేయదు. వారానికొకసారి, సోమవారం, శాటిలైట్ ఫోనులో ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. జనవరి రెండో సోమవారం, సాయంత్రం నాలుగుంబావుకు స్వరూప నంబరుకు చేశాను. వెంకన్న ఎత్తాడు. స్వరూప తన క్లినిక్‌లోనే ఉందని, సెలైన్ పెట్టానని చెప్పాడు. మానుకోటలో స్కానింగ్ చేయించాడట.

“తమ్మీ, గర్భసంచి సుట్టు నరాలు ఉబ్బినయ్. గిట్ల ఇడిస్తే క్యాన్సర్‌కు తిరుగుతది. తీసేయాలె. నువ్వు సరే అంటే బుధారం చేపిస్త.”

ఫోను స్వరూపకు ఇమ్మన్నాను. ఇప్పుడే కన్నంటుకుందని, లేపితే భయపడుతుందని అన్నాడు. నా వెనుక నలుగురు వరుసలో ఉన్నారు. మంచు పడుతోంది. క్యాన్సర్ అన్న మాట తర్వాత నా చెవిలో ఇంకేమీ దూరలేదు. సరే అన్నాను. మొత్తం రెండు నిమిషాలు కూడా కాలేదు. మిగిలిన మూడు నిమిషాలు వంటవాడికిచ్చాను.

బుధవారం రేడియో సెట్టులో లోపం వచ్చింది. మార్చుకొని రమ్మని సుబేదారు సాబ్ నన్ను కింది క్యాంపుకు పంపాడు. ఏడుకు బయల్దేరి ఒంటిగంట ఇరవైకి దిగాను. అక్కడ నెట్‌వర్క్ ఉంటుంది. జేబులో మొబైల్ మోగుతూనే ఉంది. అన్నిటికంటే పైన ఆదివారం నాటి స్వరూప సందేశం. ఒక స్కానింగ్ రిపోర్టు ఫొటో, కింద ఆమె గొంతు.

“వెంకన్నన్న గర్భసంచి తీయాలంటుండు. నాకు ఇష్టం లేదు. పండుకుంటే నొప్పి తగ్గుతది, నిలబడితేనే లేస్తది. ఇది మీ డాక్టర్ సారుకు చూపియ్. నువ్వు చెప్పేదాక నేను ఆగుత.”

ఆ గొంతు రెండోసారి వినే ధైర్యం లేకపోయింది. రెండు గంటలకు మెడికల్ ఆఫీసర్ ముందు నిలబడ్డాను. ముప్పై దాటని కుర్రాడు. రిపోర్టు చూస్తూనే అడిగాడు, నొప్పి పడుకుంటే తగ్గుతుందా అని. తగ్గుతుందట సాబ్ అన్నాను. ఎన్నాళ్లుగా అన్నాడు. అది నేనెన్నడూ సరిగ్గా అడగలేదు.

ఆయన చెప్పింది ఇది. గర్భసంచి మామూలుగా ఉంది. గడ్డలు లేవు. ఉబ్బినవి దాని చుట్టూ ఉన్న సిరలు. మనం నరాలంటాం గానీ అవి రక్తనాళాలు. కొందరికి కాళ్లలో ఉబ్బుతాయి చూడండి, అలాంటివే. లోపలి కవాటాలు వదులై రక్తం పైకి పోక నిలిచిపోతుంది. పిల్లల్ని కన్న ఆడవాళ్లలో ఇది తరచుగా కనిపిస్తుంది. చాలామందికి ఏ బాధా ఉండదు. కొందరికి పొత్తికడుపులో బరువు, నిలబడితే నొప్పి. మందులున్నాయి, తగ్గకపోతే ఆ సిరను మాత్రమే లోపలి నుంచి మూసేసే వైద్యం ఉంది.

“క్యాన్సర్ కాదు. క్యాన్సర్‌గా మారదు కూడా. గర్భసంచి తీయాలని ఇందులో ఎక్కడుంది?”

రిపోర్టులో ఉన్నవి మూడే వాక్యాలు. ఫోన్లో చదివించుకుంటే పది సెకన్లు పట్టదు. పదహారేళ్లుగా ముక్కూ మొహం తెలియని వాళ్ల చేత ప్రతి మాటా సరిచూయించుకున్నవాణ్ని, నా భార్య ఒంటి సంగతి వచ్చేసరికి వెంకన్న గొంతు చాలనుకున్నాను. నా మీద నాకు అసహ్యం వేసింది. ఇప్పటికీ పోలేదు.

రెండూ నలభైకి ఫోన్ చేశాను. మా అమ్మ ఎత్తింది. పొద్దున పదింటికే ఆపరేషన్ అయిపోయిందని, అంతా మంచిగ అయిందని, వెంకన్న దగ్గరుండి చూసుకున్నాడని సంబరంగా చెప్పింది. కొత్త సెట్టు వీపున వేసుకొని మరునాడు పొద్దున పైకెక్కాను. ఆ సాయంత్రం ఐదున్నర కాల్ తీసుకుంటుంటే నా గొంతు మారిందని కింది ఆపరేటరు అడిగాడు. జలుబన్నాను.

సెలవు దొరకలేదు. దారి మూసుకుపోయింది. సోమవారాలు స్వరూప ఫోనెత్తేది. బాగున్నా అనేది. పాపకిచ్చేది.

ఏప్రిల్‌లో మానుకోట స్టేషన్లో దిగాను. బ్యాగు ఇంట్లో పడేసి మొదట వెంకన్న దగ్గరికే పోయాను. తిడదామని, కొడదామని కూడా పోయాను. అతను కుర్చీ వేశాడు. చాయ్ తెప్పించాడు. క్యాన్సర్ అని ఏ డాక్టర్ చెప్పాడని అడిగాను. ముందుజాగ్రత్తకని అన్నాడు. ఆగుతానన్న మనిషిని ఎట్లా ఒప్పించావని అడిగాను.

“నేనేం ఒప్పియ్యలే తమ్మీ. నీ మొగడు సరే అన్నడని చెప్పిన, అంతే. సరే అన్నది నువ్వే గద?”

నా చెయ్యి లేవలేదు. స్వరూపకు ఆపరేషన్ చేసిన ఆస్పత్రికే మా వైపు ఎంతమంది ఆడవాళ్లను కమీషన్‌కు తోలాడో తర్వాత తెలిసింది. తాను రాసిందీ కోసిందీ ఏమీ లేదంటాడు. ఇప్పటికీ క్లినిక్ నడుస్తోంది.

జనగామలో ఒక డాక్టరమ్మకు చూపించాను. అండాశయాలు కూడా తీసేశారని అక్కడే తెలిసింది. ముప్పై ఒకటో ఏటే ముట్లుడిగిన స్వరూపకు ఫ్యాన్ కింద కూర్చున్నా చెమటలు కారేవి. ఇప్పుడు నేను భూపాలపల్లిలో గేటు దగ్గర సెక్యూరిటీ పని చేస్తున్నాను. ముగ్గురం ఇక్కడే ఉంటున్నాం. స్వరూప నాతో మాట్లాడుతుంది. కూర బాగుందా, పాప ఫీజు కట్టావా అని అడుగుతుంది. తన ఒంట్లో ఎట్లా ఉందో మాత్రం నాకు చెప్పదు.

డాక్టరమ్మ కోసం ఆస్పత్రి కాయితాలన్నీ తిరగేసిన రోజు ఒప్పుకోలు పత్రం కంటబడింది. భర్త సంతకం చోట వెంకన్న రాతలో నా పేరు, పక్కన ‘ఫోన్లో ఒప్పుకున్నాడు’ అని. దాని కింద, స్వరూప సంతకం గీత దగ్గర, నీలం సిరా వేలిముద్ర. స్వరూప ఇంటర్ చదివింది. ఊరి మహిళా సంఘంలో తీర్మానాలు రాసేది ఆమే. సంతకం పెట్టొచ్చు కదా, పెన్ను అడగలేదా అన్నాను.

“అడగలే. నువ్వు సరే అన్నవని చెప్పిన్రు. ఇగ నా సంతకమెందుకు? చెయ్యి ఇడిసిపెట్టిన, ఆళ్లే ఏలు పట్టి ఒత్తుకున్నరు.”

ఆ ముద్ర సరిగ్గా పడలేదు. సగం గీత మీద, సగం నా పేరు మీద పడి, పక్కకు అలుక్కుపోయి ఉంది.