రేకు గోడలో బెజ్జం

“ఆదివారం నేనే బెజ్జం పెడతా. అప్పటిదాకా ఆ రేకు మీద ఎవణ్ణీ చెయ్యి వెయ్యనివ్వకు.”

“నీ ఆదివారం ఎప్పుడొచ్చింది గనక.”

ఇవండీ, మా ఆయనా నేనూ ఆఖరుసారి అనుకున్న మాటలు. ఆయన గుమ్మంలో చెప్పులేసుకుంటూ అన్నాడు. నేను అంట్లు తోముకుంటూ, వెనక్కి తిరక్కుండానే అన్నాను. క్యారేజీ పుచ్చుకుని ఆటోనగర్లో షెడ్డుకి పోయాడు. మధ్యాహ్నానికి గుండెపోటని కబురొచ్చింది. ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోయింది.

ఒక మాట ముందే చెబుతున్నా. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. మా వీధిలో ఎవరికన్నా జ్వరమొచ్చి గాలి సోకిందంటే, ఆ అన్నోళ్ళని తిట్టేదాన్ని నేనే. పోయినవాళ్ళు పోయినట్టే. మట్టి కప్పాక మళ్ళీ లేచొచ్చి మన గుమ్మం తొక్కరు. ఇప్పటికీ నా మాట అదే. అందుకే నాకింత మంట.

నేను సంతకం వరకే చదువుకున్నాను. నేను చెబుతుంటే నా కూతురు కరుణ రాస్తోంది. సోకులు పెట్టొద్దు, నేనన్నది అన్నట్టు రాయమన్నాను. జరిగినప్పుడు అదీ నా పక్కనే ఉంది కాబట్టి, అబద్ధమైతే అదే ఆపుద్ది.

మా ఆయన పేరు దానియేలు. లారీలకి బాడీ కట్టే పని. ఆయనకి ఇనుము తప్ప ఇంకోటి తెలీదు. మా ఇంట్లో మంచం ఇనుమే, గిన్నెల స్టాండు ఇనుమే, దేవుడి పటం చుట్టూ కట్టిన ఫ్రేము కూడా ఇనుమే. పిల్ల ఎదిగాక దానికో గది ఉండాలని ఇంటి వెనకాల ఖాళీలో, హాలుని ఆనుకుని ఒకటి కట్టాడు. ఇటుకతో కట్టమన్నాను. ఇటుకైతే కాలవ పొంగినప్పుడల్లా నీళ్ళు తాగుద్ది, రేకైతే తుడిస్తే కొత్తదే అన్నాడు. అచ్చం లారీ బాడీ కట్టినట్టే కట్టాడు. ఇనుప ఫ్రేము, దానికి లోపలొక రేకు, బయటొక రేకు, నెత్తిన రేకు, తలుపూ రేకే. కరెంటు వైర్లు రెండు రేకుల మధ్య నుంచి తోలాడు. బయటికి ఒక్క తీగ కనపడదు. వచ్చినవాళ్ళందరికీ అది చూపించి మురిసేవాడు. ఆ వైర్లు ఎటు నుంచి ఎటు పోయాయో ఆయన ఒక్కడికే ఎరిక. ఇది కాస్త గుర్తుపెట్టుకోండి.

కరుణకి డిగ్రీ అయ్యాక ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం వచ్చింది. ఆసుపత్రి బిల్లులు కంప్యూటర్లో ఎక్కించాలి, మధ్యమధ్యలో అవతలివాళ్ళతో మాట్లాడాలి. మాట్లాడేటప్పుడు వెనకాల గోల వినపడకూడదని రూలు. మా వీధంతా మెకానిక్ షెడ్లే. తెల్లారితే సుత్తి మోత. హాల్లో కూర్చుంటే కుదరదు. ఆ రేకు గదిలో తలుపేసుకుంటే కాకి అరుపు కూడా వినపడదు. కానీ తలుపేస్తే నెట్టు రాదు.

నెట్టు డబ్బా హాల్లో టీవీ పక్కన పెట్టి పోయారు కనెక్షన్ ఇచ్చినవాళ్ళు. హాల్లో ఫోన్లో గీతలు నిండుగా ఉంటాయి. గదిలోకి అడుగుపెడితే ఒక్క గీత. తలుపేస్తే అదీ పోద్ది. ఫోను చేస్తే ఆపి మళ్ళీ ఆన్ చెయ్యమంటారు. ఎన్నిసార్లు ఆపాం, ఎన్నిసార్లు ఆన్ చేశాం. డబ్బా కొమ్ములు ఇటు వంచమన్నారు, అటు వంచమన్నారు. ఫ్రిజ్జు మీద పెట్టమన్నారు, ఫ్రిజ్జుకి దూరంగా పెట్టమన్నారు. సిగ్నలు పెంచుద్దని ఇంకో చిన్న డబ్బా కొనిపించారు. అదీ హాల్లోనే బాగా పనిచేసింది. హాల్లో నాకెందుకండీ సిగ్నలు, నేనేమన్నా బిల్లులు ఎక్కిస్తున్నానా?

ఆఖరికి కంపెనీ మనిషి ఒకాయన వచ్చి, గది చుట్టూ తిరిగి, రేకు మీద వేలితో కొట్టి చూశాడు. “ఇది గది కాదమ్మా, లాకరు. ఇనుము దాటి సిగ్నల్ రాదు,” అన్నాడు. డబ్బా తీసుకెళ్ళి గదిలోనే పెట్టాలి, దానికి వైరు గోడలోంచి పోవాలి అన్నాడు. తలుపు సందులోంచి లాగితే, లారీ తలుపులాగా బిగుతుగా పడుద్దేమో, వైరు నలిగి తెగింది. అది గాజు తీగంట, నలిగితే ఇంక పనికిరాదంట. మళ్ళీ కొత్తది వేసి, టీవీ వెనకాల చుట్ట చుట్టి కొంచెం ఎక్కువ వదిలాడు. బెజ్జం మాత్రం పెట్టనన్నాడు. లోపల కరెంటు వైరు ఎక్కడుందో తెలీకుండా డ్రిల్లు దించితే నా ప్రాణం పోద్ది అన్నాడు. ఆ మనిషిని నేనేమీ అనను. న్యాయమే.

ఆ బెజ్జమే మా ఆయన ఆదివారం పెడతానన్నది. ప్రతి ఆదివారం అదే మాట. ఒక ఆదివారం షెడ్డులో అర్జెంటు బండి. ఒక ఆదివారం మంగళగిరిలో పెళ్ళి. ఒక ఆదివారం ఒళ్ళు నొప్పులు. ఇల్లంతా కట్టినోడివి, వేలంత బెజ్జానికి మూర్తం కావాలా అని రోజూ పోట్లాడేదాన్ని.

తర్వాత ఆయనే లేడు.

ఉద్యోగం వాళ్ళు పిల్లకి కొన్నాళ్ళు సెలవిచ్చారు. ఆ తర్వాత సోమవారం రోజంతా దాని పని చూస్తామని, లైను మళ్ళీ తెగితే మానుకోమని చెప్పారు. ఇంకా పర్మినెంటు కాలేదు మరి. అదొక్కటే మా ఇద్దరికీ కూడు పెట్టేది.

మా మరిది సాల్మన్‌ది ఉయ్యూరు. అన్న పోయిన దగ్గర్నుంచి వారంవారం వస్తున్నాడు. ఆయన పేరున ఇంట్లో పెట్టిన ఆదరణ ప్రార్థన కూటానికి నలుగురొస్తారని ఆ రేకు గోడకి లేత ఆకుపచ్చ రంగు వేయించింది తనే. ఆ రంగు సంగతీ గుర్తుపెట్టుకోండి. కూటమయ్యాక మొదలుపెట్టాడు.

“వదినా, సోమవారం పొద్దున్నే కటింగ్ మనిషిని తెస్తా. ఆ రేకు మొత్తం కోసేద్దాం. లేదంటే ఈ ఇల్లు అద్దెకిచ్చి మా ఇంటికి వచ్చెయ్యండి. పిల్లకి అక్కడేదో చూద్దాం.”

చెడ్డవాడు కాదు. కానీ ఒకళ్ళింట్లో కూర్చుని నాకు ముద్ద దిగదు. పైగా ఆ రేకు మీద ఎవణ్ణీ చెయ్యి వెయ్యనివ్వొద్దని చెప్పి పోయాడే ఆయన. ఆ మాట పట్టుకుని కూర్చుంటే పిల్ల ఉద్యోగం పోద్ది. పిల్లని చూసుకుంటే ఆయన మాట పోద్ది. చచ్చి కూడా నన్ను ఇరకాటంలో పెట్టాడు చూడండి. ఆలోచించి ఆలోచించి, సరే కోసెయ్యమని మరిదికి చెప్పాను.

ఆ ఆదివారం ప్రార్థనకి బయల్దేరుతూ ఆ గదిలోకి పోయి రేకు మీద అరిచేత్తో ఒక్కటిచ్చాను. ఎవరికో చెప్పాలని కాదు, కడుపుమంట. “ఆదివారం ఆదివారం అన్నావుగా. ఇదే నీ ఆఖరి ఆదివారం. రేపు కోసేస్తారు,” అన్నాను. కరుణ గుమ్మంలో నిలబడి విన్నది. నాకు మతిపోయిందేమోనని భయపడిందంట, తర్వాత చెప్పింది.

తాళం నేనే వేశాను. చెవి నా బొడ్లో ఉంది. రెండో చెవి ఆయన జేబులో ఉండేది. ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన బట్టలతో పాటు దాన్ని బీరువాలో పెట్టాను. లైను పని చేస్తున్నారని ఆ పూటంతా కరెంటు లేదు. పక్కింటి హనుమాయమ్మ గారు అరుగు మీద విసనకర్రతో కూర్చుని ఉన్నారు. వెళ్ళొస్తామని చెప్పే పోయాం.

తిరిగొచ్చేసరికి ఆవిడ అక్కడే ఉన్నారు. నేను తాళం తీస్తుంటే నవ్వారు. “పనోణ్ణి లోపల పెట్టి తాళమేసుకుపోతారేంటమ్మా? పాపం కరెంటు కూడా లేదు, ఇందాకటిదాకా రేకు గీకుతానే ఉన్నాడు,” అన్నారు. ఆదివారం కదా, వీధిలో షెడ్లన్నీ మూసే ఉన్నాయి. వేరే చప్పుడేమో అనుకోవడానికి లేదు.

దొంగ అనుకున్నాను. కొడవలి పుచ్చుకుని లోపలికి పోయాను.

ఎవరూ లేరు. దొడ్డి తలుపు లోపల గడియ వేసినట్టే ఉంది. టీవీ పక్కన నెట్టు డబ్బా లేదు. అది ఉన్నచోట దుమ్ములో నలుచదరంగా గుర్తు మిగిలింది. వైరు మాత్రం టీవీ వెనకాల నుంచి గోడ వెంబడి సాఫుగా పోయి రేకులోకి దూరింది.

రేకుకి బెజ్జం ఉంది. వేలు పట్టేంత. అవతల పక్క, కరుణ బల్ల పైన, డబ్బా రెండు స్క్రూలకి తగిలించి ఉంది.

 మేమిద్దరం అక్కడ నిలబడి ఉండగానే కరెంటొచ్చింది. డబ్బాలో దీపాలు వెలిగాయి. కరుణ తలుపేసుకుని ఫోన్లో చూసింది. గీతలన్నీ ఉన్నాయి.

నేను చూసింది చూసినట్టు చెబుతాను. ఆకుపచ్చ రంగు మీదనే బెజ్జం పడింది. రంగు చుట్టూ పెచ్చు లేచింది. అంటే ఆయన ముందే పెట్టి ఉంచింది కాదు. కోసిన అంచు తళతళలాడుతోంది. మన గాలికి ఇనుము రెండు పూటల్లో తుప్పు పట్టుద్ది, అందరికీ తెలిసిందే. ఆ అంచుకి గ్రీజు రాసి ఉంది, నా వేలికంటింది. రేకు రాసుకుని వైరు తెగకుండా బెజ్జం చుట్టూ సైకిలు ట్యూబు ముక్క మడిచి పెట్టి, దారంతో కట్టి ఉంది. లారీలో వైరు ఎక్కడ దూర్చినా ఆయన అట్టాగే కట్టేవాడు. షెడ్డులో తక్కినవాళ్ళు రబ్బరు బిళ్ళ కొని తగిలిస్తారు. ఆయన కొననిచ్చేవాడు కాదు.

ఇంకోటి. గచ్చు మీద ఇనప రజను. నా పాదానికి గుచ్చుకుంది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ రజను ఊడ్చలేక చచ్చాను నేను. బెజ్జం పెట్టిన చేత్తో చీపురు పట్టుకుంటే అరిగిపోతావా అని ఎన్నిసార్లు అడిగానో. ఆ రోజూ ఊడ్చలేదు. ఇది ఆయన చెయ్యేనని అప్పుడు నమ్మాను, పోనీ నమ్మాల్సొచ్చింది.

సోమవారం పొద్దున మరిది కటింగ్ మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. బెజ్జం చూసి నా మొహం చూశాడు. ఎవర్ని పిలిచావు వదినా అన్నాడు. అన్న పనిముట్ల చేతిపెట్టె షెడ్డులోనే తాళంలో ఉందని తనే కనుక్కుని వచ్చాడు. ఆ కటింగ్ మనిషిని పంపించేశాడు. రెండో తాళంచెవి బీరువాలో బట్టల కింద ఉన్నచోటే ఉంది, అదీ చూపించాను.

కంపెనీ ఆయన్ని పిలిపించాను. మేం పెట్టలేదమ్మా అన్నాడు. టార్చి వేసి బెజ్జంలోకి చూశాడు. చూసి రెండడుగులు వెనక్కేశాడు. లోపల కరెంటు వైరు బెజ్జానికి చిటికెన వేలంత దూరంలో పోతోందంట. ఏ మాత్రం పక్కకి జరిగినా ఆ వైరు తెగేదంట. మంచినీళ్ళు కూడా తాగకుండా పోయాడు.

ఆ సోమవారం రోజంతా లైను తెగలేదు. పిల్ల ఉద్యోగం నిలబడింది. అందరూ ఇంకేం కావాలి అంటారు.

మా చర్చి అయ్యగారు కూడా అంతే. పోయినవాళ్ళు తిరిగి రారని వాక్యంలో ఉందమ్మా, ఇలాంటివి ప్రచారం చెయ్యకూడదు, మన పిల్లలు భయపడతారు అన్నారు. దెయ్యం వచ్చిందని నేనన్నానా అయ్యగారూ, బెజ్జం ఉందన్నాను, వచ్చి చూడండి అన్నాను. రాలేదు. సంఘంలో కొంతమంది నేనే ఎవరి చేతో చేయించి కథ అల్లానంటున్నారు. కథ అల్లితే నాకేం వచ్చుద్దండీ? ఇంకొంతమంది మీ ఆయనకి మీమీద ఎంత ప్రేమో అని కళ్ళు తుడుచుకుంటున్నారు. వాళ్ళని చూస్తే ఇంకా ఒళ్ళు మండుద్ది.

ప్రేమంట. నేను ఇంట్లో లేని పూట చూసి వచ్చాడు. వైరు కోసం వచ్చాడు, డబ్బా కోసం వచ్చాడు. ఇంకో అరగంట ఆగితే ఏం పోయేది? మేం వచ్చేవాళ్ళం కదా. నేనేం పట్టుకుని ఆపేదాన్నా? ఒక్క మాట అడిగేదాన్ని, షెడ్డులో నొప్పి వచ్చినప్పుడు ఎవరన్నా పక్కన ఉన్నారా, మంచినీళ్ళు ఇచ్చారా అని. ఏ ఒక్కడూ నాకు సరిగ్గా చెప్పలేదు ఆ సంగతి.

ఇది ఎట్టా జరిగిందో నాకు తెలీదు. తెలిసినట్టు నటించను. ఆ రజను ఊడ్చి ఒక మందు సీసాలో పోసి మూత పెట్టాను.  ఆ గోడ మీద మాత్రం ఇప్పటికీ ఎవణ్ణీ చెయ్యి వెయ్యనివ్వట్లేదు. ఆ తర్వాత చాలా ఆదివారాలు పోయాయి. ప్రార్థన మానేసి రెండు మూడుసార్లు ఇంట్లోనే కూర్చున్నాను. ఏ చప్పుడూ లేదు.

ఇంక చాలు కరుణా, కలం పెట్టు. ఏడవకు, కాగితం తడిసిపోద్ది. మొదట్నుంచి చదువు. మీ నాన్నది నాన్న మాటగా చదువు, నాది నా మాటగా చదువు. గట్టిగా చదవవే. ఆ రేకు అవతలికి వినపడాలి.