ఆర్విల్ గుడ్డ టేపు

"...తొమ్మిది అంగుళాలని బోర్డు మీద రాసింది నువ్వే. ఇది ఎనిమిదింపావు దాటలేదు."

"నూనెలో పడితే చేప ముడుచుకుంటుంది ఆర్విల్. పచ్చిది తొమ్మిదే."

"పచ్చిది నేను తినను కదా లైల్."

ప్రతి శుక్రవారం సాయంత్రం మా ఊరి మాజీ సైనికుల హాల్లో చేపల విందు. వంటగది నాది. నౌకాదళంలో ఉన్నప్పుడూ నాది అదే పని. పళ్ళెం అందుకున్నవాళ్ళందరూ తింటారు. ఆర్విల్ టకెట్ ముందు కొలుస్తాడు. డెబ్బై రెండేళ్ళ ఆ మనిషి గురించి ఒక్క ముక్కలో చెప్పమంటే నేను చెప్పేది ఇదే: కంటపడ్డ వస్తువును కొలవకుండా వదలడు.

హాల్లో బల్లలు కొలిచాడు, గుమ్మాలు కొలిచాడు. పలకకు చిన్న బాణాలు విసిరే ఆటలో నిలబడే గీత గోడకు మూడంగుళాలు దగ్గరగా ఉందని తేల్చి, పదకొండేళ్ళ విజేతల పేర్లన్నీ అనుమానంలో పడేశాడు. కొత్తగా వచ్చిన పాస్టరు పలకరింపుగా చెయ్యి చాస్తే, మణికట్టు చుట్టూ టేపు వేసి "ఏడు" అన్నాడు. పాస్టరు థాంక్స్ చెప్పాడు. గ్రంథాలయం తెరిచిన రోజు మేయరు చేతిలో కత్తెర పట్టుకుని, ఆర్విల్ రిబ్బను కొలవడం పూర్తయ్యేదాకా ఎండలో నిలబడ్డాడు. ఈ మనిషితో ఎలా వేగుతున్నావని ఆయన భార్య వెర్నాను అడిగాను ఒకసారి. పెళ్ళిరోజు కేకు కొలిచినప్పుడే పారిపోవలసిందనీ, అప్పుడు బాగా ఆకలిగా ఉండి ఆగిపోయాననీ చెప్పింది.

సైన్యంలో సార్జంటుగా చేసి వచ్చాక నలభై ఏళ్ళు ఇళ్ళలో కార్పెట్లు పరిచాడు కాబట్టి కొలతల పిచ్చి ఉండటంలో వింత లేదు. నాకు అంతుపట్టనిది ఆ టేపు. కార్పెట్ పనివాళ్ళు స్టీలు టేపు తప్ప మరొకటి ముట్టరు. గుడ్డ టేపు సాగుతుంది, అబద్ధం చెబుతుంది అని ఆయనే ఎన్నోసార్లు అన్నాడు. కానీ హాల్లోకి అడుగు పెట్టేటప్పుడు మాత్రం ఆయన జేబులో దర్జీల పసుపుపచ్చ గుడ్డ టేపు ఉంటుంది. ఎందుకని అడిగితే స్టీలుది బరువన్నాడు. నలభై ఏళ్ళు కార్పెట్ చుట్టలు భుజాన మోసిన మనిషి.

ఒకరోజు దాన్ని నా బల్ల మీద మరిచిపోయి వెళ్ళాడు. విప్పి చూశాను. మొదటి నాలుగు అంగుళాల మీద అంకెలు అరిగి కనపడకుండా పోయాయి. పది దాటాక మాత్రం నిన్న కొన్నట్టుంది. గుమ్మాలూ బల్లలూ కొలిచేవాడి టేపు ఇలా అరగదు. ఈయన రోజంతా కొలిచే ఆ చిన్న వస్తువేమిటా అని చాలాకాలం ఆలోచించాను.

హాలు వెనక గదిలో ఆయనకు ఇంకో పని ఉండేది. కొలువులో తగిలిన దెబ్బల మచ్చలకు మాజీ సైనికుల ప్రభుత్వ ఆఫీసు శాతాల లెక్కన పరిహారం నిర్ణయిస్తుంది. మచ్చ ఎంత పొడవు, ఎంత వెడల్పు, నొప్పి ఉందా లేదా అన్నదాన్ని బట్టి. నచ్చకపోతే ఏడాదిలోగా అప్పీలు చేసుకోవాలి. ఆ అప్పీళ్ళు రాసి పెట్టేది ఆర్విల్. సగం అప్పీళ్ళకు కారణం మావాళ్ళ నోరేనని ఆయన వాదన. పరీక్ష చేసే డాక్టరు ఎలా ఉన్నారని అడగ్గానే, మావాళ్ళు సార్జంటు ముందు నిలబడ్డట్టు నిలబడి "బాగానే ఉన్నానండి" అంటారు. నొప్పి లేదని కాగితం మీదికి ఎక్కిపోతుంది. రెండు కర్రల మీద కుంటుకుంటూ వెళ్ళిన హార్లన్ కూడా అలాగే అని వచ్చాడు.

చేప కొలత మీద మేం గొడవపడ్డ ఆ శుక్రవారమే రోవీనా హేగ్ వచ్చింది. స్కూలు బస్సు నడుపుతుంది. అంతకుముందు ఇరాక్‌లో సైన్యం లారీ నడిపింది. ఆ లారీ కాలిపోయింది. జులై ఎండల్లో కూడా దవడదాకా వచ్చే కాలరు చొక్కా వేసుకుంటుంది. హాల్లో జనం ఎక్కువగా ఉన్నారని వంటగదిలోకి వచ్చి, నా పిండి డబ్బాల పక్కన కూర్చుంది. ఆఫీసు ఉత్తరం బల్ల మీద పెట్టింది. మెడ మీద మచ్చ, వెడల్పు అరపావు అంగుళం, నొప్పి లేదు, సున్నా శాతం. పదకొండు నెలలు బస్సులో సీటు కింద ఉందట ఆ ఉత్తరం. గడువు ఇంకా మూడు వారాలు.

"పరిహారం రావాలంటే పావు అంగుళమైనా ఉండాలి కదా" అన్నాడు ఆర్విల్. "అరపావని ఎలా రాశారు?"

కాలరు రెండు వేళ్ళంత దించానని, కనపడినంత వరకు కొలుచుకున్నారని చెప్పింది. ఎలా ఉందంటే బాగానే ఉందన్నానని కూడా చెప్పింది.

"సున్నా అన్నారు, సరే సార్జంట్. ఉత్తరం మీకు చూపించమని వెర్నా పట్టుబట్టింది కాబట్టి తెచ్చాను. అప్పీలంటే మళ్ళీ ఎవరో ఒకరు చూడాలి. నా వల్ల కాదు."

ఆర్విల్ జేబులో చెయ్యి పెట్టాడు. టేపు తీశాడు. నా ఉప్పు డబ్బా కొలిచాడు. ఆమె పళ్ళెంలో చేప కొలిచాడు.

"ఎనిమిది. చూడమ్మాయ్, బోర్డు మీద తొమ్మిదని రాసి మోసం చేస్తున్నాడు."

"ముడుచుకుంటుందని చెప్పాను" అన్నాను.

"అక్కడ కొలిస్తే ఎనిమిదే ఉంటుంది" అంది రోవీనా. "తోక వంగింది. సాపు చేసి కొలవండి."

సాపు చేసి కొలిచాడు. ఎనిమిదిన్నర వచ్చింది. నా తరఫున ఒక మనిషి మాట్లాడటం ఆ హాల్లో అదే మొదలు. తర్వాత ఆమె కాఫీ కప్పు, బస్సు తాళం, గడియారం పట్టీ కొలిచాడు. ప్రతిదానికీ ఇద్దరూ గొడవపడ్డారు. తాళం దగ్గర ఆమె నవ్వింది. నవ్వుతూనే ఉండి కాలరు గుండీలు రెండు విప్పి, తల పక్కకు తిప్పింది.

"ఇది కూడా కొలవండి, ఓ పనైపోతుంది."

నేను పొయ్యి వైపు తిరిగాను. టేపు తగలగానే ఆమె ఉలిక్కిపడలేదు.

"చల్లగా ఉంటుందనుకున్నాను" అంది.

"స్టీలుదైతే ఉంటుంది" అన్నాడు ఆర్విల్.

నూనెలో చేప మాడుతోంది. తియ్యాలన్న సంగతి నాకు గుర్తు రాలేదు.

"వెడల్పు ఎక్కడ ఎక్కువో అక్కడ కొలవాలి. పావు దాటింది. పావు మీద అరపావు." చేప కొలత చెప్పిన గొంతుతోనే చెప్పాడు. రాసుకున్నాడు. "నొప్పి?"

"బాగానే ఉంది."

ఆయన పెన్సిలు కింద పెట్టాడు. "అది కొలత కాదమ్మాయ్."

ఆమె కాలరు అంచును వేలితో మెడకు దూరంగా లాగి పట్టుకుంది. "కాలరు రాసుకున్నప్పుడల్లా మండుతుంది. అంటే రోజంతా."

అది కూడా రాసుకున్నాడు. మంగళవారం మధ్యాహ్నం మా ఊరి డాక్టరమ్మ మచ్చ చూసి, కొలిచి, ఫోటోతో కాగితం ఇస్తుందనీ, దాన్ని జతచేసి అప్పీలు పంపుదామనీ చెప్పాడు. వెళ్ళాలో వద్దో ఇప్పుడే చెప్పనక్కర్లేదన్నాడు. ఆమె చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది.

చేప మీద ఇంత రాద్ధాంతం ఎందుకని అప్పుడు అడిగాను. ఆర్విల్ టేపు చుట్టుకుంటూ మెల్లగా చెప్పాడు. ఈ అప్పీళ్ళ పనిలో చేరిన కొత్తలో మచ్చ కొలిపించుకోవడానికి డ్వైట్ అనే ఆయన వచ్చాడట. చొక్కా విప్పుతుంటే ఈయన జేబులోంచి స్టీలు టేపు బయటికి లాగాడు. డ్వైట్ దాన్ని చూసి, గుండీలన్నీ మళ్ళీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. మరి రాలేదు.

"ఆయన్నొక్కణ్ణే కొలుస్తున్నట్టు అనిపించింది లైల్ ఆయనకి." టేపు జేబులో వేసుకున్నాడు. "ఆ మర్నాటి నుంచి పాస్టరుతో సహా అందర్నీ కొలుస్తున్నాను."

రోవీనా తిరిగొచ్చింది. చేతులు తుడుచుకుంది కానీ గుండీలు పెట్టుకోలేదు. ఉత్తరాన్ని ఆర్విల్ వైపు జరిపింది.

"అప్పీలు వేసెయ్యండి సార్జంట్. మంగళవారం కాలరు లేని చొక్కాలో బస్సు నడిపి, అటునుంచి అటే వెళ్తాను" అంది. "పిల్లలు అదేంటని అడిగితే, పావు మీద అరపావు అని చెప్తాను."