రంగు పోయిన నీళ్లు

పక్కింటివాళ్లు ఇల్లు కట్టడానికి తెచ్చిన ఇనుప కడ్డీలు నిన్నటి వానకు తడిశాయి. పొద్దున కిటికీ తీయగానే తడి తుప్పు వాసన గదంతా నిండింది. ఆ వాసన ఎక్కడ తగిలినా నాకు నాగభూషణం సారు గుర్తొస్తారు. పావగడ కాలేజీలో నేను కెమిస్ట్రీ లెక్చరరుగా చేరినప్పుడు ఆయనే మా విభాగానికి పెద్ద. తక్కువ మాట్లాడే మనిషి. చొక్కా చేతి అంచున ఎప్పుడూ తుప్పు రంగు మరక ఒకటి ఉండేది.

అవి వానలు వరుసగా తప్పిన ఏళ్లు. వేరుశనగ ఊడ నేలలోకి దిగకముందే మాడిపోయేది. నిడుగల్లు కోట కొండ కింద హనుమక్క అనే ఆమె బావిలో మాత్రం కాసిన్ని నీళ్లు మిగిలాయి. ఉన్నట్టుండి ఆ నీళ్లు ఎర్రబడ్డాయి. ఒకప్పటి యుద్ధాల్లో కోటలో చచ్చినవాళ్ల నెత్తురు పైకి ఊరుతోందని ఊరు నమ్మింది. సారు, నేను బస్సు దిగి వెళ్లేసరికి ఎండ నడినెత్తిన ఉంది. గొర్రెల మంద బావికి దూరంగా ఆగిపోయింది, దప్పికతో నాలుకలు చాపుకొని, ఒక్కటీ అరవకుండా. బావిలో నీళ్లు పేరుకున్నట్టు కదలక ఉన్నాయి. సారు తల ఎత్తి గట్టు మీదికి చూశారు. అక్కడ నూలుకు రంగులద్దే షెడ్డు, దాని వెనక మురుగు గుంట.

"నెత్తురు కాదు హనుమక్కా, షెడ్డు రంగు. ఆ గుంటలోంచి ఇంకి ఈడికి వస్తా ఉండాది" అన్నారు.

ఆమె ముఖంలో తేలిక కనపడలేదు. "నెత్తురే అయితే బాగుండు సారూ. అది ఎప్పుడో ఒకనాడు ఆగిపోతాది."

షెడ్డు యజమానిని ఒప్పించి మురుగునీళ్లను కాలేజీకి తెప్పించారు సారు. అందులో కొద్దిగా ఆమ్లం, చిటికెడు ఇనుప లవణం, ఆపైన హైడ్రోజన్ పెరాక్సైడ్. ఇనుము ఇక్కడ ఉత్ప్రేరకం. తాను పెద్దగా ఖర్చు కాకుండానే పెరాక్సైడును ఉసిగొల్పి రంగును ముక్కలు చేయిస్తుంది. బీకరు వెచ్చబడింది, నురగ బుసబుసమంది. ఎవరో లోపలినుంచి తాగేస్తున్నట్టు ఎరుపు నా కళ్లముందే తగ్గుతూ తగ్గుతూ మాయమైంది. నేను చప్పట్లు కొట్టాను. సారు మాత్రం ఆ నీళ్లలో సున్నం కలిపి, తేర్చి, పెరాక్సైడు మిగల్లేదని చూసుకొని, వాటిలో వేరుశనగ విత్తనాలు నానబెట్టారు. పక్కనే మామూలు నీళ్లలో మరికొన్ని. మామూలు నీళ్లలోవి మొలకెత్తాయి. రంగు పోయిన నీళ్లలోవి నల్లబడి, మెత్తబడి, అలాగే ఉండిపోయాయి.

"ముక్కలు చేసినామమ్మా. ఆ ముక్కలేందో మనకు తెలీదు" అన్నారు సారు.

ఈలోగా యజమాని ఆగలేదు. సారు దగ్గర విన్న పద్ధతిలోనే సిమెంటు తొట్టి కట్టించి పని మొదలుపెట్టేశాడు. సంగతి తెలిసి మేము పరుగున వెళ్లాం. తొట్టిలో నీళ్లు అడుగు కనపడేంత తేటగా ఉన్నాయి. చుట్టూ జనం బిందెలతో నిలబడి ఉన్నారు. షెడ్డు నీళ్ల మీద నమ్మకం లేక హనుమక్క ఒక్కతే తొట్టి గట్టున కూర్చొని, కొంగు నడుముకు బిగించి, వాళ్లను ఆపుతోంది.

"తాగొద్దండి. ఇవి మంచివో కాదో ఇంకా తేలలేదు" అన్నారు సారు.

"గొంతులు ఎండిపోతా ఉంటే అద్దమట్లాంటి నీళ్లు చూపించి వద్దంటావేందప్పా?" అన్నాడు ఒక ముసలాయన.

హనుమక్క సారు వైపు తిరిగింది. "ఎర్రగా ఉన్నప్పుడు ఎవురూ రాకపోయిరి సారూ. ఆ భయం నువ్వే తీసేస్తివి. ఇప్పుడు నేనెట్ల ఆపేది?"

సారు షెడ్డులోకి వెళ్లి, ఎర్ర రంగు డబ్బా తెచ్చి తొట్టిలో కుమ్మరించారు. ఎరుపు జడ విప్పుకున్నట్టు పాయలు పాయలుగా అడుగుకు దిగి, మళ్లీ పైకి లేచింది. జనం ఒక అడుగు వెనక్కి వేశారు. ఎవరూ తిట్టలేదు. బిందెల చప్పుడు కూడా లేకుండా కొండ నీడలోకి వెళ్లిపోయారు. సారు చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.

ఆ వేసవంతా ఆయన మళ్లీ మళ్లీ చేశారు. ఎక్కువసేపు ఉంచి, రెండోసారి పెరాక్సైడు పోసి, చివరికి బొగ్గు పొరలో వడకట్టాక విత్తనాలు మొలకెత్తాయి. అప్పుడు కూడా ఆ నీళ్లను తాగనివ్వలేదు, అద్దకానికే మళ్లీ వాడించారు. మురుగు గుంట పూడ్పించారు. ఊరివాళ్లు చాలాకాలం ఆయనతో మాట్లాడలేదు. తర్వాత వానలు పడి హనుమక్క బావి తేటపడింది కానీ, ఆమె ఆ నీళ్లు నోట పెట్టలేదు.

సారు పోయి చాలా ఏళ్లయింది. నేను కాలేజీ వదిలి మురుగునీటి శుద్ధి పనిలోనే జీవితం గడిపాను. ఏ తొట్టిలోనైనా రంగు విరిగి నీళ్లు తేటపడిన క్షణాన చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. నాకు మెడ వెనక చల్లబడుతుంది. గేటుకు తాళం వేయమంటాను. నాకు చాదస్తమని కుర్ర ఇంజనీర్లు అనుకుంటారు, అనుకోనీ. తేటనీళ్లంటే నాకు భయం. ఆ భయాన్ని ఎవరి చేతా తీయించుకోను.