జెద్దాలో షట్టరు దించుకుని నా ఆఖరి పరీక్ష

ఖమీస్ ముషైత్ బస్టాండులో గురువారం ఉదయం ఏడున్నరకు జెద్దా బస్సెక్కాం, నేనూ మా బాపూ. టికెట్టు మనిషికి నూట నలభై రియాళ్ళు. ఇకామా, అంటే సౌదీలో ఉండే అనుమతి కార్డు, చూపిస్తేనే టికెట్టు ఇస్తారు, కాబట్టి వెళ్ళదలచినవాళ్ళు దాన్ని పెట్టె అడుగున పెట్టకండి. బాపు పెట్టె అడుగునే పెట్టాడు. పైన పులిహోర డబ్బా, దాని కింద నా థర్మోడైనమిక్స్ పుస్తకం, దాని కింద బాపు లుంగీలు. అన్నీ క్యూలో ఉన్నవాళ్ళకు ఒక్కొక్కటిగా చూపించాక ఇకామాలు దొరికాయి. అప్పటికి పులిహోర వాసన టికెట్టు గుమాస్తా దాకా వెళ్ళింది. అతను ఏమిటని అడిగాడు, బాపు గుప్పెడు పెట్టాడు. కిటికీ పక్క సీట్లు అలా వచ్చాయి.

ప్రయాణం ఎందుకో చెప్పాలి. నేను జర్మనీలో ఒక చిన్న ఊరి యూనివర్సిటీలో మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతున్నాను. అక్కడ ఫీజు లేదు, అందుకే వెళ్ళాను. లేకపోతే ఏసీ మెకానిక్కుల మేస్త్రీ కూతురికి జర్మనీ ఎక్కడిది? ప్రాజెక్టు రిపోర్టు ఇచ్చేశాను, ల్యాబులు అయ్యాయి, మిగిలింది ఒక్క థర్మోడైనమిక్స్ మౌఖిక పరీక్ష. అది రెండుసార్లు తప్పాను. మూడోసారి తప్పితే ఆ చదువు ఆ దేశంలో ఇంకెక్కడా చదవనివ్వరు. మన దగ్గర సప్లిమెంటరీలు పెళ్ళయి పిల్లలు పుట్టాక కూడా రాసుకోవచ్చు. అక్కడ మూడే.

సెమిస్టరు సెలవుల్లో బాపు దగ్గరికి వచ్చాను. నేను ఉండగానే బాపు కంపెనీ నితాఖత్ లెక్కలో ఎరుపులో పడింది, అంటే సౌదీ ఉద్యోగులు తక్కువయ్యారు. దాంతో కంపెనీ కాగితాలన్నీ ఆగిపోయాయి. దేశం దాటడానికి కావలసిన నా ఎగ్జిట్ కాగితానికి మూడు వారాలు పడుతుందన్నారు. పరీక్షకు పది రోజులే ఉన్నాయి. ప్రొఫెసర్‌కు ఏడుస్తూ ఉత్తరం రాశాను. జర్మనులు కన్నీళ్ళకు కరగరని విన్నాను గానీ ఆయన వీడియోలో పరీక్షకు ఒప్పుకున్నాడు. రెండే షరతులు. మంచి ఇంటర్నెట్టున్న మూసిన గది, గుర్తింపు కార్డున్న, చుట్టం కాని ఒక సాక్షి. జెద్దాలో జర్మన్ భాష నేర్పే ఒక సంస్థ గదీ సాక్షినీ తానే ఇస్తానంది.

అమ్మను కిందటేడే ఊరికి పంపించేశాం. కుటుంబంలో తలకు నెలకింత అని సర్కారు లెవీ వేశాక మాలాంటి ఇళ్ళు సగం ఖాళీ అయ్యాయి. బాపుకు ఇక్కడ ఇరవై నాలుగేళ్ళు. "బిడ్డ చదువు అయిన్నాడు నేను ఎగ్జిట్ కొడ్త, ఇంటికి పోత. గప్పటిదాక నన్ను ఎవ్వడు కదిలియ్యలేడు" అని అందరికీ చెప్పి పెట్టాడు. కాబట్టి ఆ పరీక్షలో నేను తప్పితే ఇద్దరం తప్పినట్టే.

తొమ్మిదికల్లా అభా దాటి ఘాట్ రోడ్డులో దిగడం మొదలైంది. సొరంగం తర్వాత సొరంగం. ఒక మలుపులో కోతులు రోడ్డుకు అడ్డంగా కూర్చుంటే బస్సు ఆగింది. పెద్ద కోతి ఒకటి డ్రైవరును తేరిపార చూసి, చంటిదాన్ని వీపున వేసుకుని, నింపాదిగా పక్కకు జరిగింది.

"పెండ్లాం పిల్లలతోని ఉంటున్నది చూడు. లెవీ లేదు, ఇకామా లేదు. మంచిగున్నది దీనికి" అన్నాడు బాపు.

వెనక సీటులోంచి ఎవరో పకపకా నవ్వారు. "ఎవురన్నా మీరు, మన తెలుగోళ్ళేనా?" అంటూ ముందుకు వంగాడు. పేరు మస్తాన్, కడప జిల్లా మనిషి, నలభై దాటినవాడు. జెద్దాలో కంప్యూటర్లు బాగుచేసే అంగడి నడుపుతున్నాడు. ఖమీస్‌లో ఎవరికో బాగుచేసిన ల్యాప్‌టాప్‌లు ఇచ్చి తిరిగి వెళుతున్నాడు. అరగంటలో బాపు అతనికి నా చదువంతా చెప్పేశాడు, తప్పిన రెండుసార్లతో సహా.

పన్నెండు నలభైకి కున్ఫుదా దగ్గర భోజనానికి ఆపారు. మసాలా అన్నం మీద కోడి పెట్టే కబ్సా ఇరవై రియాళ్ళు. ఒక పళ్ళెం ఇద్దరికి సరిపోతుంది, బాపులాంటి మనిషైతే ఒకరికి. అక్కడే మస్తాన్ ఎముక చీకుతూ అడిగాడు.

"పరీచ్ఛ ఎప్పుడు పాపా?"

"రేపు పదకొండున్నరకు. జర్మనీలో అప్పుడు తొమ్మిదిన్నర."

"రేపు శుక్రారం గదా. ఎవురు తెరుస్తారు ఆఫీసు?"

నా చేతిలో ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది. పుట్టింది ఖమీస్‌లో, పదిహేడేళ్ళు పెరిగింది ఖమీస్‌లో. శుక్రవారం సెలవని ఇక్కడ పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. మూడేళ్ళు జర్మనీలో ఉండేసరికి నాకు ఆదివారమే సెలవైపోయింది! ఆ సంస్థవాళ్ళు "పని రోజుల్లో ఎప్పుడైనా రండి" అని రాశారు. శుక్రవారం కూడా పనిరోజేగా అనుకున్నాను. ఫోన్ చేస్తే భోజనవేళ, ఎవరూ ఎత్తలేదు. రికార్డు చేసిన గొంతు, ఆదివారం నుంచి గురువారం దాకా అని తియ్యగా చెప్పింది.

బాపు నన్ను తిట్టలేదు. కబ్సా పళ్ళేన్ని తిట్టాడు. "అన్నం ఉడకలే, ఏం హోటలిది" అని లేచి వెళ్ళిపోయాడు. అన్నం బాగానే ఉడికింది. నాకు ఏడుపొచ్చింది.

మస్తాన్ చేయి కడుక్కుని వచ్చాడు. "ఏడ్సబాక పాపా. నా అంగడి ఉండాది గదా. నెట్టు మంచిది. షట్టరు దించుకుని చేసుకుందువు. సాచ్ఛిగా నేను కూచుంటా. పన్నెండుకు మాత్రం నేను జుమ్మా నమాజుకు పోవాల, దాంట్లో మాట లేదు" అన్నాడు. బాపు తిరిగొచ్చి అతనికి మిగిలిన పులిహోర మొత్తం పెట్టాడు.

సాయంత్రం ఆరుంపావుకు జెద్దా చేరాం. పాత బజారు దగ్గర గది నూట ఇరవై. దుప్పట్లు శుభ్రం, ఏసీ మాత్రం ఘోరం. బాపు సామాను దింపకముందే దాని మూత విప్పి కడిగాడు. కిందున్న గుమాస్తా సంతోషించి ఇరవై రియాళ్ళు తగ్గించాడు. కుటుంబంతో వెళ్ళేవాళ్ళకు ఈ చోటు పనికొస్తుంది, ఏసీ మేము బాగుచేసే వచ్చాం.

శుక్రవారం పదకొండుకు మస్తాన్ అంగడికి వెళ్ళాం. వీధిలో పిల్లి తప్ప ఎవరూ లేరు. షట్టరు మోకాలిదాకా ఎత్తి ముగ్గురం కిందనుంచి దూరాం. బాపు మధ్యలో ఇరుక్కుంటే నేను లోపలికి లాగాను, మస్తాన్ బయటినుంచి నెట్టాడు. షట్టరు మళ్ళీ దించేశాక మస్తాన్ ఒక ముక్క చెప్పాడు. అతని కఫీల్‌కు, అంటే ఇకామా ఇప్పించిన సౌదీ యజమానికి, ఊరవతల గొర్రెల మంద ఉంది, ఇక్కడ అంగడీ ఉంది. మస్తాన్ ఇకామాలో వృత్తి గొర్రెల కాపరి. స్క్రూడ్రైవరు చేతిలో ఉండగా తనిఖీవాళ్ళు పట్టుకుంటే నేరుగా విమానం ఎక్కించడమే. "షట్టరు ఎవురన్నా కొడితే మాత్రం ఊపిరి బిగబట్టండి. లైటు కూడా కనబడగూడదు" అన్నాడు.

బాపుకు నేనూ ఒక షరతు పెట్టాను. మాట్లాడకూడదు, దగ్గకూడదు, కెమెరాలో పడకూడదు. మెయిన్ స్విచ్చు పక్కన ఒక అట్టపెట్టె మీద కూర్చోబెట్టాను. సరిగ్గా వినిపించాలని మస్తాన్ అమ్మకానికున్న పెద్ద స్పీకర్లు రెండు తగిలించాడు. శబ్దం రాకుండా ఏసీ ఆపాం. ఐదు నిమిషాల్లో ముగ్గురం ఇడ్లీల్లా ఉడికాం.

పదకొండున్నరకు తెర మీద ప్రొఫెసరూ, పక్కన రాసుకునే ఆయనా కనిపించారు. ముందు సాక్షి కార్డు చూపించమన్నారు. మస్తాన్ ఇకామా కెమెరా ముందు పెట్టాడు. వృత్తి ఏమిటన్నారు. అబద్ధం చెప్పే ధైర్యం నాకు లేదు, కార్డులో ఉన్నది ఉన్నట్టు జర్మన్‌లో చెప్పాను. గొర్రెల కాపరి.

ప్రొఫెసర్ ముఖం వెలిగిపోయింది. వాళ్ళ తాతా కాపరేనట. ఎన్ని గొర్రెలున్నాయని అడిగాడు. మస్తాన్ జేబులో స్క్రూడ్రైవర్లు సర్దుకుని, "నూటయాభై అని చెప్పు పాపా" అన్నాడు. చెప్పాను. మందకు కుక్కలున్నాయా, ఉన్ని ఏ నెలలో తీస్తారు అని ఆయన, నోటికొచ్చింది ఇతను, మధ్యలో నేను. నాలుగు నిమిషాలు గొర్రెలకే పోయాయి. మస్తాన్ గోడ గడియారం వైపు చూస్తున్నాడు.

తర్వాత పరీక్ష. మొదటి రెండు ప్రశ్నలూ ఈదాను. మూడోది, హీట్ పంపు తాను తిన్న కరెంటుకన్నా ఎక్కువ వేడి ఎలా ఇస్తుంది, ఇది ప్రకృతి నియమానికి విరుద్ధం కాదా? నా బుర్రలో జర్మన్ మాటలన్నీ ఒక్కసారిగా సెలవు పెట్టాయి. ఎదురుగా గోడమీద ఆపేసిన ఏసీ. చిన్నప్పుడు బాపు నన్ను మిద్దెమీదికి తీసుకుపోయి, ఏసీ రెండు రాగి గొట్టాల మీద నా రెండు చేతులూ పెట్టేవాడు. ఒకటి చల్లన, ఒకటి వేడి. "ఇది వేడిని తయారుచేస్తలేదు బిడ్డా, మోస్తున్నది. మనం సామాను మోసినట్టే" అనేవాడు. పుస్తకం వదిలేసి అదే చెప్పాను, చచ్చుపుచ్చు జర్మన్‌లో. వేడిని తయారు చేయదు, మోస్తుంది. కరెంటు కూలి డబ్బు మాత్రమే.

"మెకానిక్కులా చెప్పావు. ఇప్పుడు ఇంజనీరులా సమీకరణం రాయి" అన్నాడు ప్రొఫెసర్. రాశాను. సగం తప్పు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

పదకొండు యాభై ఎనిమిది. "ఇది మా దగ్గర నీ చివరి పరీక్ష. చెయ్యి కలపడానికి లేదు కాబట్టి" అని ప్రొఫెసర్ పక్కాయన వైపు చూశాడు. జర్మన్ యూనివర్సిటీల్లో చప్పట్లు కొట్టరు. మెచ్చుకోవాలంటే పిడికిలితో బల్ల మీద దబదబా తడతారు. ఇద్దరూ తట్టారు. ఆ రెండు పెద్ద స్పీకర్లలోంచి, మూసిన అంగడిలో, ఆ చప్పుడు ఎలా వచ్చిందంటే షట్టరు ఊడిపోతుందేమో అన్నంతగా వచ్చింది.

మస్తాన్ కౌంటరు కిందికి మాయమయ్యాడు. బాపు ఇరవై నాలుగేళ్ళ అనుభవంతో మెయిన్ స్విచ్చు దించేశాడు. లైటు పోయింది, నెట్టు పోయింది, ప్రొఫెసర్ పోయాడు, నా ఫలితం పోయింది. చీకట్లో మూడు ఊపిరులు.

"బాపూ, అది షట్టరు కాదు. ప్రొఫెసర్లు!"

"ప్రొఫెసర్లా? జర్మనీకెల్లి ఎప్పుడొచ్చిండ్రే?"

స్విచ్చు వేశాక నెట్టు రావడానికి మూడు నిమిషాలు పట్టింది. నా జీవితంలో అంత పొడుగు మూడు నిమిషాలు లేవు. నేను తప్పానని పారిపోయాననుకుంటారు. సాక్షిని తోడేలు తిన్నదనుకుంటారు. బాపు స్విచ్చు మీదనుంచి చెయ్యి తీసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, పెద్ద తప్పు చేసిన మనిషిలా.

తెర వెలిగింది. ఇద్దరూ అలాగే కూర్చుని ఉన్నారు. కౌంటరు కిందనుంచి మస్తాన్ నుదుటికి సాలెగూడుతో లేచాడు. గొర్రెలు క్షేమమేనా అని ప్రొఫెసర్ అడిగాడు. క్షేమమే అన్నాను. "అయితే విను. నాలుగు. పాసయ్యావు."

అక్కడ ఒకటి అంటే మొదటి ర్యాంకు. నాలుగు అంటే తోకపట్టుకుని గోదారి ఈదినట్టు. ఐదు వస్తే ఇంటికే. నేను కుర్చీలో కూర్చునే ఏడ్చాను. మస్తాన్ సాక్షి కాగితం మీద గబగబా సంతకం గీకి, "అల్‌హమ్‌దులిల్లా పాపా" అని షట్టరు కిందనుంచి దూరి నమాజుకు పరుగెత్తాడు.

"ఎన్నొచ్చినయి?" అన్నాడు బాపు.

"నాలుగు."

"ఎంతకు?"

"ఐదుకు."

"ఐదుకు నాలుగు! అంటే ఎనభై!" అన్నాడు. నేను సరిదిద్దలేదు. పాఠకులు కూడా దయచేసి ఊరుకోండి.

శనివారం ఉదయం ఎనిమిదికి తిరుగు బస్సు. దారిలో లిత్ ఊరు చేరేలోగా ముందు వరసలన్నిటికీ ఎనభై సంగతి తెలిసిపోయింది. బంగ్లాదేశ్ పెద్దాయన ఒకరు నాకు ఖర్జూరాలిచ్చారు. కున్ఫుదాలో మళ్ళీ అదే హోటలు, అదే కబ్సా. ఈసారి అన్నం బ్రహ్మాండంగా ఉడికిందని బాపు వంటాయన్ని పిలిచి మరీ చెప్పాడు. మొత్తం మీద ఈ దారిలో ఎవరైనా సుఖంగా వెళ్ళి రావచ్చు. శుక్రవారం ఒక్కటి గుర్తుంటే చాలు.

ఘాట్ ఎక్కడం మొదలైంది. బాపు కిటికీలోంచి చూస్తూ అడిగాడు.

"ఇంకేమన్న చదువు మిగిలిందా బిడ్డా?"

"మాస్టర్స్ ఉంది బాపూ. దానికి నువ్విక్కడ ఉండక్కర్లేదు. నేనే పని చేసుకుంటూ చదువుకుంటా."

"పక్కా?"

"పక్కా."

ఇంకో సొరంగం దాటింది. బాపు గొంతు సవరించుకుని, సీటులో నిటారుగా కూర్చున్నాడు. రెండేళ్ళకోసారి సెలవు అడగడానికి కఫీల్ ముందు ఎలా నిలబడేవాడో చిన్నప్పుడు చూశాను. అదే గొంతు.

"మరి నేను పోవచ్చునా?"

"పో బాపూ" అన్నాను.

"నోటి మాట పనిచెయ్యది ఈ దేశంల. కాయితం రాసియ్యి."

బస్సు టికెట్టు వెనక, మోకాలి మీద పెట్టుకుని తెలుగులో రాశాను. ఇరవై నాలుగేళ్ళు పని చేసిన ఫలానా వారికి ఫైనల్ ఎగ్జిట్ మంజూరు చేయడమైనది, ఇట్లు కూతురు. సంతకం పెట్టాను. బాపు రెండుసార్లు చదివి, ముద్ర లేదేమని అడిగి, మడతపెట్టి ఇకామా వెనక దాచుకున్నాడు. ఖమీస్ వచ్చేదాకా నోరు తెరుచుకుని నిద్రపోయాడు.