అయిపోనాదంటే సంతోషమంది

షర్మిల ఆఫీసుకి బయల్దేరుతుంటే వంటింట్లోంచి మామ్మ సువర్ణమ్మ కేకేసింది.

"ఒలే, మిక్సీ అయిపోనాది. పచ్చడి నేదు. పెరుగన్నమే కట్టీసేను."

"పర్లేదులే మామ్మా."

"నిన్న కాలిన వాసనేసినప్పుడే అనుకున్నాను, దీని పని ఇంతేనని."

షర్మిల ఇనీ ఇననట్టు చెప్పులేసుకుని దిగిపోయింది.

ఈ పిల్ల నర్సీపట్నంలోనే పుట్టి, ఇక్కడే డిగ్రీ చదివి, బోరు మోటార్లు అమ్మి బాగుచేసే కంపెనీలో చేరింది. మొదట్లో ఫోన్లెత్తేది. ఇప్పుడు ఫోన్లు మిషనే ఎత్తుతాది, అదే, ఏఐ అంటారు చూడండి, అది. రైతు ఫోన్ చేసి మోటారు బాధ చెప్పుకుంటే, ఆ మిషను ఇని ఒక టికెట్టు తెరుస్తాది. బస్సు టికెట్టు కాదండోయ్! ఫలానావాళ్ల పని ఉండిపోయిందని కంప్యూటర్లో పడే చీటీ. పనైపోతే మూసేస్తాది. తెరవడానికో మీట, మార్చడానికో మీట, మూయడానికో మీట. ఏ మీట ఎప్పుడు నొక్కాలి, నొక్కేముందు ఏం అడగాలి అన్నది రాసిపెట్టడమే షర్మిల ఉద్యోగం. ఆ రాత ఎలాగుంటే మిషను అలాగే నడుస్తాది.

మామ్మకి ఇదంతా చెప్తే, "అంటే దానికి బుద్ధులు సెప్తావన్నమాట. మీ తాతకి నాను సెప్పినట్టు," అంది.

మొన్నీమధ్యే మూసే మీట కింద, ఎప్పుడు మూయాలో కొత్తగా ఒక మాట రాసింది. అప్పట్నుంచి, గోడ మీద టికెట్లు చూపించే బోర్డంతా పచ్చగా మారిపోయింది. ఎరుపంటే పనున్నట్టు, పచ్చంటే తీరిపోయినట్టు. మేనేజరు రమణబాబు మురిసిపోయి ఈ పొద్దు జిలేబీలు తెప్పించేడు. షర్మిలకి మాత్రం లోపల్నించి ఏదో గీకుతున్నట్టుంది. వరినారు పెంచే ఆకుమళ్లు పోసిన రోజులు, వానా లేదు, ఊరూరా మోటార్లు కాలిపోతుంటాయి. ఇలాంటప్పుడు ఒక్క పనీ మిగల్లేదంటే ఎలా నమ్మడం? లేచి నీళ్లు తాగింది. బాల్కనీలోకెళ్లి రోడ్డు చూసి వచ్చింది. కూచుంది. మళ్లీ లేచింది.

"ఏటమ్మా, కుర్చీలో ముల్లున్నాదేటి?" అన్నాడు రమణబాబు.

"ఇంత పచ్చగా ఉంటే భయమేస్తంది సార్."

"ఎర్రగా ఉన్నా ఏడుస్తావు, పచ్చగా ఉన్నా ఏడుస్తావు. జిలేబీ తిను ముందు."

అప్పుడే, మిషనుకి తగలని ఆఫీసు పాత నంబరు మోగింది. షర్మిలే ఎత్తింది. రోలుగుంట అవతల్నించి అప్పయమ్మ అనే రైతమ్మ. హలో అనకుండానే అందుకుంది.

"మడిసివేనా, లేకపోతే ఆ సంతోషం పిల్లవా?"

"మనిషినేనండీ. ఏటయ్యిందండీ?"

"మోటారు అయిపోనాదమ్మా! మొన్న సెప్పేను, నిన్న సెప్పేను, పొద్దుటా సెప్పేను. అయిపోనాదని నానంటే, 'సంతోషమండీ, ధన్యవాదాలు' అని పెట్టీసింది మీ పిల్ల! నా మోటారు సస్తే దానికి సంతోషమేటమ్మా? ఆకుమడి బీటలిచ్చీసింది. ఈ పొద్దు తడి తగలకపోతే ఆకు బతకదు. ఆకు పోతే ఈ ఏడు నాకు ఊడుపే నేదు."

షర్మిలకి చటుక్కున వంటింటి కేక గుర్తొచ్చింది. మిక్సీ అయిపోనాది. పొద్దున్న మామ్మ అన్నది అదే కదా! అంటే పని పూర్తయిందని కాదు, పాడైపోయిందని. మరి తనేం రాసింది? 'అయిపోయింది అని రైతు చెప్తే పని పూర్తయినట్టే, టికెట్టు మూసెయ్యి' అని, ఎక్కడి పుస్తకాల తెలుగో రాసిపారేసింది. ఇంట్లో రోజూ ఇనే మాట ఆఫీసు మెట్లెక్కేసరికి మర్చిపోయింది.

వెంటనే మెకానిక్ సింగన్నకి ఫోన్ కొట్టింది. ఎత్తడు. మళ్లీ కొట్టింది. గోరు కొరుక్కుంటా అటూ ఇటూ తిరిగింది. ఎప్పటికో ఎత్తేడు.

"రోలుగుంటా? పొద్దున్న నా ఫోన్లో ఆయమ్మ పేరున టికెట్టున్నాది. బండి తీసేలోగా మాయమైపోనాది. పనైపోయిందేమోనని యలమంచిలి దారట్టీసేను."

"ఎనక్కి తిరుగు సింగన్నా, నీకు దండం పెడతాను, బేగి ఎల్లు!"

ఆ తర్వాత కంప్యూటర్ ముందుకొచ్చి, తన కొత్త రాత తర్వాత మూసిన టికెట్లన్నీ తెరవబోయింది. రమణబాబు అడ్డం పడ్డాడు.

"బోర్డంతా ఎర్రబడిపోద్దమ్మా! పైవాళ్లకి అంతా పచ్చేనని చెప్పీసేను. రేపు తెరుద్దుం."

"రేపటికి ఆకుమళ్లుండవు సార్."

ఆయన బోర్డుకేసి చూసేడు, జిలేబీల పొట్లంకేసి చూసేడు. "తెరువు. ఆ పొట్లం మాత్రం మూసెయ్, చూళ్లేకపోతన్నాను," అన్నాడు.

బోర్డు భగ్గుమంది. ఒక్కో రైతుకీ ఫోన్ చేస్తూ, మధ్యలో మూసే మీట కింద పాత రాత చెరిపేసి ఇలా రాసింది షర్మిల: 'అయిపోనాది అంటే పని తీరిందని అనుకోకు. మోటారే పాడయ్యుండొచ్చు. నీళ్లొస్తన్నాయా అని అడుగు. వస్తన్నాయని చెప్తేనే మూయి.'

రాసిందే గానీ మనసు నిలవలేదు. సింగన్న ఫోన్ మళ్లీ ఎత్తట్లేదు. పెరుగన్నం డబ్బా మూతైనా తియ్యలేదు.

పొద్దు వాలుతుండగా అప్పయమ్మ ఫోన్ మళ్లీ మిషనుకి తగిలింది. షర్మిల హెడ్‌ఫోను చెవికి పెట్టుకుని ఇన్నది.

"అయిపోనాదే పిల్లా," అంది అప్పయమ్మ.

"నీళ్లొస్తన్నాయా అండీ?" అనడిగింది మిషను.

"ఓలమ్మా, ఈ పొద్దు బుద్దొచ్చిందేటి దీనికి! ఇదిగో, నువ్వే ఇను."

గొట్టం దగ్గర పెట్టినట్టుంది ఫోను. బుడబుడమని గాలి కక్కి, ఆనక ధడధడా నీళ్లు పడుతున్న చప్పుడు.

"అర్థం కాలేదండీ. నీళ్లొస్తన్నాయా?" అంది మిషను.

"సెవుడా నీకు!"

షర్మిల పొద్దుట్నించీ నవ్వని నవ్వంతా నవ్వి, ఆ టికెట్టు తన చేత్తోనే మూసింది.