క్యూబ్‌రూట్ ఓబులేసు సారు

పులివెందులలో ఓబులేసు సారు కంట్లో అంకె పడిందంటే దాని ఘనమూలం తీయకుండా వదిలిపెట్టడు. కొందరికి ముక్కుపొడుం, కొందరికి పేకాట, ఈయనకు క్యూబ్‌రూటు. డాక్టరు పట్టీ చుట్టి బీపీ చూసి, “పైది నూటా ఇరవై అయిదుంది, ఉప్పు తగ్గించు” అంటే, “నూటా ఇరవై అయిదంటే అయిదే కదా సార్! అయిదుకు ఉప్పు మానుకోవాల్నా?” అని లేచొచ్చేసిన ఘనుడు.

ఆయన టైపింగ్ సెంటరులో పాఠాలు చెప్పే షహనాజ్‌కు ఉద్యోగం దొరికింది కూడా అట్లే. సర్టిఫికెట్లన్నీ ఇస్త్రీ చేసినంత నీటుగా సర్దుకొని పోతే, సారు వాటి తట్టు కన్నెత్తి చూడలేదు.

“మీ ఇంటి నంబరెంతమ్మా?”

“ఇరవై ఏడు సార్.”

సారు ముఖం చాటంతయింది. “మూడు! మూడు మూళ్ళు తొమ్మిది, మూడు తొమ్మిదులు ఇరవై ఏడు. శానా మంచి ఇల్లు. రేపట్నుంచి వచ్చెయ్.”

“పక్కింట్లో ఉండింటే ఏం చేసేటోళ్ళు సార్?”

“ఇరవై ఎనిమిదా?” సారు దిగులుగా గడ్డం గోక్కున్నాడు. “ఆలోచించల్ల వచ్చేది.”

సెంటరు బోర్డు మీద పేరుకు ముందు ∛ అని ఘనమూలం గుర్తు రాయమన్నాడు. ఆ బోర్డు రాసినాయనకు అదేందో అర్థం గాక, పెద్ద మూడంకె వేసి దాని పక్కన ఒక టిక్కు కొట్టాడు. ఆ పొద్దు నుంచి ఊళ్ళో అందరికీ అది ‘టిక్కు సెంటరు’.

లోకంలో టైపింగ్ ఎవరు నేర్చుకున్నా ఏ, ఎస్, డి, ఎఫ్‌తో మొదలుపెడతారు. టిక్కు సెంటరులో అట్ల కాదు. మొదటిరోజే సారు వెనక నిలబడి, “రెండు, రెండు, ఒకటి, బి కొట్టు. ఇప్పుడు ఆల్ట్ పట్టుకొని ఎక్స్ కొట్టు” అంటాడు. తెర మీద ఘనమూలం గుర్తు టక్కున లేస్తుంది. కొత్తగా చేరిన పిల్లోళ్ళు చప్పట్లు కొడతారు. షహనాజ్ తల కొట్టుకుంటుంది.

“సార్, ఇది పరీక్షలో రాదు. వీళ్ళకు స్పీడు రావల్ల.”

“స్పీడు ఎవురికైనా వస్తాదమ్మా. ఇది ఎవురికొస్తాది?”

చొక్కా జేబులో పెన్ను ఉండదు గానీ అంగళ్ళలో వాడే పాత కాలిక్యులేటరు ఎప్పుడూ ఉంటుంది. దాంట్లో క్యూబ్‌రూటు మీట లేదు, మామూలు రూటే ఉంది. దానికి సారు దగ్గర ఒక ఉపాయముంది. అంకె కొట్టి రూటు రెండుసార్లు నొక్కాలి. వచ్చినదాన్ని మళ్ళీ అదే అంకెతో గుణించి, మళ్ళీ రెండుసార్లు రూటు. తెర మీద అంకె కదలకుండా నిలబడేదాకా ఇదే వరస. వినేవాళ్ళు మటుకు అంతసేపు నిలబడరు.

ఒకసారి సెంటరు మిద్దె మీదుండే రమణమ్మ, ఎదురింటి జైబున్నీసా నీళ్ళ ట్యాంకు దగ్గర కొంగులు బిగించారు. సారు మధ్యలో దూరాడు.

“వెయ్యి లీటర్ల ట్యాంకు కదా? దాన్ని చదరంగా పెట్టె మాదిరి చేస్తే పక్క ఎంతొస్తాదో చూద్దాం, రొంతసేపు గమ్మునుండండి.”

“నీళ్ళు రాక మేం సస్తాంటే నీ పెట్టె ఏందప్పా?” అంది రమణమ్మ.

“ఈయనకు పని లేదు, పాట లేదు!” అంది జైబున్నీసా.

కాసేపటికి ఇద్దరూ ఒకే గోడకు ఆనుకొని, ఒకే గొంతుతో ఆయన్ను తిడుతున్నారు. నీళ్ళ మాట ఇద్దరూ మరిచిపోయారు.

ఇట్లాంటి మనిషితో టైపింగ్ పరీక్షకు ప్రొద్దుటూరు పోవాల్సి వచ్చింది షహనాజ్‌కు. పొద్దుటి బ్యాచీ పిల్లోళ్ళందరూ పరీక్ష జరిగే కాలేజీ చేరుకున్నారు, లహరి తప్ప. వేములలో గొర్రెలు మేపుకునే ఇంటి పిల్ల. వేళ్ళు పెడితే కీబోర్డు మీద వాన కురిసినట్టుంటుంది. ఇది పాసైతే కోర్టులో టైపిస్టు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. తప్పితే మళ్ళీ ఏడాది.

ఫోను మోగింది. “మేడం, తెల్లార్తో గొర్రెకు పిల్ల అడ్డం తిరిగింది. నాయన ఊర్లో లేడు, నేనే పిల్లను బయటికి లాగల్ల వచ్చింది. బస్సు ఇప్పుడే ముద్దనూరు దాటింది.”

షహనాజ్ గేటు తట్టు చూసింది. అక్కడ తాళంచెవి పట్టుకొని నిలబడిన పరీక్షాధికారి అనురాధ మేడం గడియారానికే టైము చెప్పే మనిషి. గంట కొట్టగానే గేటు మూసేస్తుంది, ఎవరి ఏడుపూ వినదు. ఇద్దరం కలిసి బతిమాలుకుందామని సారు కోసం వెతికితే, ఆయన గేటు పక్కనే నిలబెట్టిన ఆ మేడం స్కూటీ చుట్టూ తిరుగుతున్నాడు.

“మేడం, మీ బండి నంబరు పదిహేడు ఇరవై ఎనిమిది. దీని క్యూబ్‌రూటు ఈ కాలిక్యులేటరు మీద తీయొచ్చు.”

“దీంట్లో ఆ మీటే లేదు. యాడ నుంచి వస్తాది?”

“మీరే నొక్కండి. నేను నొక్కితే మోసమంటారు.”

షహనాజ్‌కు ఒళ్ళు మండిపోయింది. పిల్ల బతుకు గేటు మీద వేలాడుతుంటే ఈయన తిక్క ఈయనది!

సారు వరస చెబుతుంటే అనురాధ మేడం నొక్కింది. ఆరున్నర లోపు వచ్చింది. మళ్ళీ గుణించింది, పది దాటింది. ఈసారి పదకొండున్నర. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. ఒక చేతిలో కాలిక్యులేటరు, ఇంకో చెయ్యి మీటల మీద. తాళంచెవి అడ్డమని పంటి కింద కరుచుకుంది. పదకొండు పాయింట్ ఎనిమిది. పదకొండు పాయింట్ తొమ్మిది.

గంట కొట్టారు.

“మేడం, గేటు...” అన్నాడు వాచ్‌మన్ వెంకటేశు.

“ఉండప్పా!” అంది ఆమె తాళంచెవి సందులోంచి. “పన్నెండు వస్తాండాది!”

పన్నెండు రాలేదు. పాయింటు పక్కన తొమ్మిదులు బారులు తీరాయి. ఇంక ఒకటో రెండో నొక్కులుంటాయనగా ఓబులేసు సారు నెత్తి కొట్టుకున్నాడు.

“అయ్యయ్యో! రూటు ఒక్కసారే నొక్కినట్టుండారు మేడం. మళ్ళీ మొదట్నుంచి రావల్ల.”

ఆమె రెండుసార్లే నొక్కింది. షహనాజ్ కళ్ళారా చూసింది. నోరు తెరవబోయి, సారు తట్టు తిరిగి ఆగిపోయింది. ఆయన చూపు కాలిక్యులేటరు మీద లేదు, వీధి మలుపు మీద ఉంది. షహనాజ్ తెరిచిన నోరు మూసుకొని, “అవును మేడం, ఒక్కసారే నొక్కినారు” అంది.

తొమ్మిదులు రెండోసారి బారు తీరేలోపల ఆటో వచ్చి ఆగింది. చున్నీకి గడ్డిపరకలతో లహరి దూకి, అందరి మధ్యలోంచి గేటులోకి దూరింది. అనురాధ మేడం తలెత్తింది. పరుగెత్తే పిల్లను చూసింది, ఓబులేసును చూసింది. నోట్లోంచి తాళంచెవి తీసి గేటు మూసింది.

బయట టీ బంకు దగ్గర షహనాజ్ అడిగింది. “పన్నెండని మీకు ముందే తెలుసు కదా సార్?”

“స్కూటీని చూడంగానే తెలుసు.”

“నాకొక మాట చెప్పింటే ఏం పోయేది? మిమ్మల్ని మనసులో ఎన్ని తిట్టుకున్న్యానో!”

“చెప్పింటే నువ్వు దొంగచూపులు చూసేదానివి. నువ్వు అట్ల కోపంగా చూడబట్టే మేడంకు నమ్మకం కుదిరింది.”

పరీక్ష అయిపోయింది. లహరి నవ్వు ముఖంతో బయటికొచ్చి, పుట్టింది పొట్టేలు పిల్ల అని చెప్పింది. ఆమె వెనకాలే అనురాధ మేడం వచ్చి సారు ముందర నిలబడింది.

“ఇదో సూడప్పా, మధ్యాహ్నం బ్యాచీ ఉంది. మీ పిల్లోళ్ళు ఎవురన్నా లేటయ్యేది ఉంటే ఇప్పుడే చెప్పు. లెక్కలొద్దు, ఏమీ వద్దు. గేటు నేనే రొంత నిదానంగా మూస్తా.”

ఓబులేసు సారు సిగ్గుపడుతూ చేతులు నలుపుకున్నాడు.

“యశ్వంత్ అని ఒకడుండాడు మేడం. జమ్మలమడుగులో అవ్వగారింట్లో ఇప్పుడే నిద్ర లేచినాడంట.”